చాక్లెట్ తిన్న కుక్క: విరుగుడు లేని విషం చరిత్ర

చాక్లెట్ కుక్కలకు పడదన్న సంగతి ఇవాళ కుక్కను పెంచే ఇళ్లలో దాదాపు అందరికీ తెలుసు. అయితే ఈ ఎరుక చాలా కొత్తది. మనుషులు కోకో గింజను వాడడం మొదలుపెట్టి అయిదు వేల ఏళ్లు దాటింది. అందులో కుక్కకు హాని చేసే పదార్థం రసాయన శాస్త్రజ్ఞుల చేతికి చిక్కింది 1841లో. దాన్నిబట్టి కుక్కకు ఎంత తింటే ప్రమాదమో పశువైద్యం లెక్కగట్టడానికి ఆ తర్వాత నూరేళ్లకు పైగా పట్టింది. చాక్లెట్ తిన్న కుక్కకు ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబు ఒక్కచోట పుట్టలేదు. దాణా కొట్లలో కొంత, గుర్రపు పందేల్లో కొంత, విషసమాచార కేంద్రాల టెలిఫోన్ల దగ్గర కొంత కుదురుకుంది.

ఆ పదార్థం పేరు థియోబ్రోమిన్. కాఫీలో ఉండే కెఫీన్‌కు ఇది దగ్గరి చుట్టం. కోకోలో ఇవి రెండూ ఉంటాయి, థియోబ్రోమిన్ పాలే ఎక్కువ. ఒంట్లో అడినోసిన్ అనే పదార్థం నరాలను, గుండెను నెమ్మదిగా ఉంచుతుంది. కెఫీన్, థియోబ్రోమిన్ రెండూ అడినోసిన్ పనిచేయాల్సిన చోట చేరి దాన్ని అడ్డుకుంటాయి. దాంతో గుండె దడదడలాడుతుంది, కండరాలు వణుకుతాయి, మూత్రం ఎక్కువవుతుంది. మనిషి ఒంట్లో చేరిన థియోబ్రోమిన్ ఆరు నుంచి పది గంటల్లో సగానికి తగ్గుతుంది. కుక్క ఒంట్లో సగం తగ్గడానికి పదిహేడున్నర గంటలు కావాలి. పైగా పిత్తంతో పాటు పేగుల్లోకి దిగిన థియోబ్రోమిన్ మళ్లీ రక్తంలోకి ఎక్కుతుంది, మూత్రాశయంలో నిలిచిన మూత్రంలోంచి కూడా తిరిగి ఒంట్లోకి ఇంకుతుంది. ఒక్క పూట తిన్న చాక్లెట్ కుక్కను మూడు రోజులు బాధించడానికి కారణం ఇదే.

చేదు పానీయపు రోజులు

కోకో చెట్టు పుట్టిల్లు దక్షిణ అమెరికాలో అమెజాన్ నది ఎగువ ప్రాంతం. ఈక్వడార్‌లోని శాంటా అనా-లా ఫ్లోరిడా తవ్వకాల్లో సుమారు 5,300 ఏళ్ల కిందటి కోకో వాడకపు ఆనవాళ్లు దొరికాయని 2018లో పరిశోధకులు ప్రకటించారు. వారికి దొరికిన సాక్ష్యాల్లో పాత్రల లోపలి గోడలకు అంటుకుని మిగిలిన థియోబ్రోమిన్ ఒకటి. గ్వాటెమాలాలోని రియో అసుల్ మాయా సమాధిలో బయటపడిన పాత్రల్లో ఏం పోశారో తేలింది కూడా ఇలాగే. కుక్క ఒంట్లోంచి త్వరగా పోని ఈ పదార్థం మట్టి పాత్రలోంచీ వేల ఏళ్లయినా పోలేదు; పురావస్తు శాస్త్రానికి అదే ఆధారమైంది.

మాయా, ఆస్టెక్ జనాలు కోకో గింజలను వేయించి, నూరి, నీళ్లలో కలిపి, మిరపకాయో వెనిల్లానో వేసి, నురగ కట్టేలా ఎత్తి పోసి తాగేవారు. అది చేదు పానీయం. ఆస్టెక్ సంతల్లో ఆ గింజలే చిల్లర డబ్బుగా చెల్లేవి. ఆ నాగరికతల్లో ఇళ్ల దగ్గర కుక్కలూ తిరిగేవి. కానీ డబ్బుగా మారే గింజను ఎవరూ కుక్కకు అందేచోట పెట్టరు. చేదు పానీయం మీదికి కుక్కా ఎగబడదు. పదహారో శతాబ్దంలో కోకో స్పెయిన్ చేరింది. పదిహేడో శతాబ్దంలో మిగతా యూరప్‌కు పాకింది, చక్కెర కలిసింది. అప్పటికీ అది కలిగినవారు కప్పుల్లో తాగే పానీయమే.

పేరు పెట్టుకున్న పదార్థం

స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు కార్ల్ లినేయస్ 1753లో కోకో చెట్టుకు థియోబ్రోమా కకావో అని పేరు పెట్టాడు. గ్రీకులో థియోస్ అంటే దేవుడు, బ్రోమా అంటే ఆహారం. జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు రూంగె 1819లో కాఫీ గింజల్లోంచి కెఫీన్‌ను వేరుచేశాడు. 1841లో రష్యన్ రసాయన శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ వొస్క్రెసెన్‌స్కీ కోకో గింజల్లోంచి మరో చేదు పదార్థాన్ని వేరుచేశాడు. చెట్టు పేరునుబట్టి దానికి థియోబ్రోమిన్ అన్న పేరు స్థిరపడింది. పేరు విని బ్రోమిన్ అనే మూలకం అందులో ఉందనుకోవడం పొరపాటు; రవ్వంత కూడా లేదు. 1882లో రసాయన శాస్త్రజ్ఞుడు ఎమిల్ ఫిషర్ దాన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు. ఈ కుటుంబపు పదార్థాల మీద, చక్కెరల మీద చేసిన పనికి ఆయనకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

పందొమ్మిదో శతాబ్దం చివరికి వైద్యులు దీన్ని మందుగా వాడసాగారు. గుండె జబ్బుతో ఒళ్లు నీరుపట్టిన రోగికి మూత్రం ఎక్కువగా పోయేందుకు థియోబ్రోమిన్ లవణాలు ఇచ్చేవారు. అంటే అది గుండె మీద, మూత్రపిండాల మీద పనిచేస్తుందని అప్పటికే తెలుసు. అయినా ఆ మందుకూ, పిల్లలు తినే మిఠాయికీ, ఇంటి కుక్కకూ ముడిపెట్టి చూసే అవసరం అప్పటికి రాలేదు.

పానీయం పలకగా మారింది, కుక్క ఇంట్లోకొచ్చింది

ఆ అవసరాన్ని తెచ్చినవి యంత్రాలు. 1828లో ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన వాన్ హూటెన్ కుటుంబం కోకోలోంచి వెన్నను పిండే పద్ధతికి పేటెంటు పొందింది. వెన్న పోగా మిగిలిన చెక్కను దంచితే కోకో పొడి వచ్చింది. 1847లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఫ్రై సంస్థ కోకో పొడిని, చక్కెరను, కోకో వెన్నను కలిపి అచ్చుపోసి, కొరుక్కుని తినే చాక్లెట్ పలకను అమ్మింది. స్విట్జర్లాండ్‌లో డానియెల్ పీటర్ 1875లో పాల చాక్లెట్ చేశాడు. 1879లో రొడోల్ఫ్ లింట్ చాక్లెట్‌ను గంటల తరబడి మెదిపి నాలుక మీద కరిగే నునుపు తెచ్చాడు. కాడ్బరీ డెయిరీ మిల్క్ 1905లో వచ్చింది. పశ్చిమ ఆఫ్రికాలోని గోల్డ్ కోస్ట్, అంటే నేటి ఘనా, 1911 నాటికి ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ కోకో ఎగుమతి చేసే స్థాయికి చేరింది. గింజ చవకైంది, పలకా చవకైంది.

అదే కాలంలో కుక్క బతుకూ మారింది. 1859లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో కుక్కల ప్రదర్శన జరిగింది. ఆ తర్వాత కొద్దికాలానికే జేమ్స్ స్ప్రాట్ లండన్‌లో కుక్క బిస్కెట్లు అమ్మడం మొదలుపెట్టాడు. 1873లో కుక్కల పెంపకందారుల సంఘమైన కెన్నెల్ క్లబ్ ఏర్పడింది. కాపలాకో వేటకో వాకిట్లో ఉండే జంతువు కూర్చునే గదిలోకి, బల్ల కిందికి చేరింది. కెన్నెల్ క్లబ్ పుట్టిన ఏడాదే ఫ్రై సంస్థ ఈస్టర్ పండుగకు చాక్లెట్ గుడ్లు తెచ్చింది. పండుగ రోజున చాక్లెట్ బల్ల మీద, కుక్క బల్ల కింద ఉండడం అలా మొదలైంది.

రుచి సంగతీ ఇందులో ఉంది. కుక్క నాలుకకు తీపి తెలుస్తుంది. పిల్లికి తెలియదు, తీపిని పసిగట్టే జన్యువుల్లో ఒకటి పిల్లి జాతిలో పనిచేయడం మానేసిందని 2005లో తేలింది. థియోబ్రోమిన్ పిల్లికీ విషమే. అయినా చాక్లెట్ తిని ఆస్పత్రికొచ్చే జంతువుల్లో కుక్కలే ఎక్కువ, పిల్లులు అరుదు.

ప్రమాదం ఇంట్లోకి వచ్చినా చాలాకాలం ఎవరూ గుర్తించకపోవడానికి పాల చాక్లెట్ కూడా ఒక కారణం. అందులో కోకో తక్కువ, పాలపొడి, చక్కెర ఎక్కువ. ఒకటి రెండు ముక్కలు తిన్న పెద్ద కుక్కకు కనిపించే హాని ఏమీ ఉండదు. పైగా లక్షణాలు సాధారణంగా తిన్న ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత గాని బయటపడవు. సాయంత్రం తిన్నదానికి అర్ధరాత్రి వణుకు మొదలైతే రెండింటినీ కలిపి చూడడం తేలిక కాదు.

దాణాలో దిగిన విషం

కోకో విషమన్న సంగతి పశువైద్యులకు బాగా తెలియజెప్పినవి కుక్కలు కావు, కొట్టాల్లోని పశువులు. చాక్లెట్ ఫ్యాక్టరీలో గింజను వేయించి చెరిగితే పైపొట్టు మిగులుతుంది. గింజ బరువులో అది పదో వంతుకు పైగా ఉంటుంది. తవుడు, చిట్టు, తెలగపిండి వంటి మిల్లు మిగుళ్లను పశువులకు పెట్టడం ఎక్కడైనా ఉన్నదే. బ్రిటన్‌లో కోకో పొట్టుకూ ఆ గతే పట్టింది. మామూలు రోజుల్లో కొద్దిగా కలిపేవారు. ప్రపంచ యుద్ధాల్లో ఓడల రాకపోకలు దెబ్బతిని దాణా కరవైనప్పుడు ఫ్యాక్టరీ మిగుళ్ల వాడకం పెరిగింది. పశువులు, కోళ్లు చనిపోసాగాయి. 1943లో బ్రిటిష్ పశువైద్యుల పత్రిక వెటరినరీ రికార్డ్‌లో కోకో మిగుళ్లు తిన్న పశువుల మరణాల మీద, కోళ్ల మేత మీద పరిశీలనలు వెలువడ్డాయి. అపరాధి థియోబ్రోమిన్ అని, అది ఎంత మోతాదులో వెళ్లిందన్నదే చావుబతుకులను తేలుస్తుందని అప్పుడు స్పష్టమైంది.

ఈ సూత్రం తెలుగు రైతుకు కొత్తేమీ కాదు. జొన్న పశువుకు మంచి మేతే. అదే జొన్న లేత పిలకలుగా ఉన్నప్పుడో, వానల్లేక వడలినప్పుడో మేస్తే నాము తగిలి పశువు పడిపోతుంది. అక్కడి విషం సయనైడ్, ఇక్కడ థియోబ్రోమిన్. మొక్క ఒక్కటే అయినా ఎప్పుడు, ఎంత, ఏ పశువు అన్నదే లెక్క.

కోకో పొట్టు తర్వాత తోటల్లోకి చేరింది. యూరప్‌లో, అమెరికాలో పూలమొక్కల మొదట్లో తేమ ఆరకుండా, కలుపు రాకుండా దాన్ని పరచడం అలవాటైంది. వానపడితే అది చాక్లెట్ వాసన వేస్తుంది. ఆ వాసనకు వచ్చి పొట్టు తిన్న కుక్క ఉదంతం 1984లో అమెరికా పశువైద్య సంఘం పత్రికకెక్కింది.

గుర్రం తిన్న మార్స్ బార్

మరో దారిలో ఈ పదార్థం గుర్రపు పందేల్లో తగిలింది. కెఫీన్, థియోబ్రోమిన్ రెండూ ఉత్తేజకాలు కాబట్టి పందెపు గుర్రం మూత్రంలో అవి ఉండకూడదు. 1979లో ఇంగ్లండ్‌లో నో బాంబ్స్ అనే గుర్రం వూస్టర్ పందెంలో గెలిచింది. పరీక్షలో ఈ రెండూ బయటపడ్డాయి, గెలుపు రద్దయింది. పందేనికి వెళ్లే దారిలో గుర్రం తన శాలలో పనిచేసే కుర్రవాడి చేతిలోని మార్స్ బార్ చాక్లెట్‌ను లాక్కుని తినడమే కారణమని తేలింది.

మోసగించే ఉద్దేశం లేకుండానే దాణాలో కలిసిన కోకో పొట్టు వల్ల కూడా ఇలాంటి చిక్కులు వచ్చాయి. దాంతో అంతర్జాతీయ పందెపు నిబంధనల్లో గుర్రం మూత్రానికి మిల్లీలీటరుకు 2 మైక్రోగ్రాముల థియోబ్రోమిన్ అన్న హద్దు ఏర్పడింది. అంతకు లోపలుంటే దాణా కల్తీగా వదిలేస్తారు, దాటితే నేరంగా చూస్తారు. రవ్వంత ఉన్నా తప్పేనన్న చోట కూడా చివరికి మోతాదు లెక్కే నిలబడింది.

కుక్క మీదికి మళ్లిన చూపు

కుక్కల విషయంలో వైద్యపత్రికల రికార్డు 1970ల నుంచి చిక్కబడింది. థియోబ్రోమిన్ విషం తగిలిన ఒక కుక్క ఉదంతం 1972లో అమెరికా పశువైద్య సంఘం పత్రికలో వచ్చింది. 1980లో వెలువడిన ఒక ప్రయోగశాల అధ్యయనం కుక్కలకు దీర్ఘకాలం థియోబ్రోమిన్ ఇస్తే గుండె కుడి కర్ణికలో కండరం చెడుతుందని చూపింది. ఆ దశాబ్దంలోనే కుక్కల్లో చాక్లెట్ విషం మీద వ్యాసాలు వరసగా వచ్చాయి. వాటి నుంచి, విషసమాచార కేంద్రాలకు చేరిన ఉదంతాల నుంచి ఇవాళ పశువైద్యులు వాడే కొలతలు కుదిరాయి.

ఆ కొలతల ప్రకారం కుక్క బరువు కిలోకు సుమారు 20 మిల్లీగ్రాముల థియోబ్రోమిన్, కెఫీన్ కలిసి వెళ్తే వాంతులు, విరేచనాలు, దాహం, నిలకడలేని తిరుగుడు కనిపిస్తాయి. 40 నుంచి 50 మిల్లీగ్రాములకు గుండె లయ తప్పుతుంది. 60 దాటితే ఫిట్స్ రావచ్చు. 100 నుంచి 200 మధ్య ప్రాణాలు పోయే అవకాశం ఎక్కువ. కొన్ని కుక్కలు అంతకన్నా తక్కువకే చనిపోతాయి.

రెండో కొలత చాక్లెట్‌ది. తెల్ల చాక్లెట్‌లో కోకో వెన్న తప్ప కోకో పొడి ఉండదు కాబట్టి థియోబ్రోమిన్ దాదాపు లేనట్టే. పాల చాక్లెట్‌లో గ్రాముకు సుమారు 2 మిల్లీగ్రాములు, డార్క్ చాక్లెట్‌లో 5 లేదా అంతకు మించి, తీపి లేని వంట చాక్లెట్‌లో 14 నుంచి 16, కోకో పొడిలో 20కి పైగా ఉంటుంది. రంగు ముదిరినకొద్దీ, చేదు పెరిగినకొద్దీ విషమూ పెరుగుతుంది.

ఈ లెక్కకు అడవి నుంచి కూడా రుజువు దొరికింది. కుక్కకు దగ్గరి జాతి అయిన కయోటీలను అదుపుచేయడానికి థియోబ్రోమిన్, కెఫీన్ మిశ్రమం పనికొస్తుందేమోనని అమెరికా ప్రభుత్వ వన్యప్రాణి పరిశోధకులు చేసిన అధ్యయనం 2005లో వెలువడింది. 2014లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో వేటగాళ్లు ఎరగా పోసిన చాక్లెట్, డోనట్ల దగ్గర నాలుగు ఎలుగుబంట్లు చచ్చిపడి ఉన్నాయి. రెండు పెద్దవి, రెండు పిల్లలు. వాటి చావుకు థియోబ్రోమిన్ కారణమని పరీక్షల్లో తేలింది.

టెలిఫోన్ అందుకున్న కేంద్రాలు

కొలతలు పుస్తకంలో ఉంటే చాలదు. అర్ధరాత్రి కంగారుపడే మనిషికి అందాలి. 1978లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో విలియం బక్ అనే విషశాస్త్ర ఆచార్యుడు జంతువుల విషసమాచార కేంద్రం మొదలుపెట్టాడు. పశువైద్యులు గాని యజమానులు గాని ఫోన్ చేస్తే జంతువు బరువు, తిన్నది, తిన్న వేళ అడిగి ఏం చేయాలో చెప్పేవారు. ఆ కేంద్రం 1996లో జంతుహింస నివారణకు పనిచేసే ఏఎస్‌పీసీఏ సంస్థ చేతికి వచ్చింది. బ్రిటన్‌లో పశువైద్యుల కోసం ఇలాంటి సేవ 1992లో మొదలైంది.

వచ్చిన ప్రతి ఫోన్‌నూ నమోదు చేయడం వల్ల ఈ కేంద్రాలు సలహా ఇచ్చే చోట్లుగానే మిగలకుండా పరిశోధనకూ ఆధారమయ్యాయి. ద్రాక్ష, కిస్‌మిస్ తిన్న కుక్కల మూత్రపిండాలు దెబ్బతింటున్నాయన్న సంగతి 2001 ప్రాంతంలో ఈ రికార్డుల నుంచే బయటపడింది. కిస్‌మిస్ వేసిన చాక్లెట్ తిన్న కుక్కకు రెండు విషాల లెక్క చూడాలని అప్పటినుంచే అంటున్నారు. చక్కెరకు బదులు వాడే జైలిటాల్ కుక్క రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుందన్నదీ 2000ల తొలి సంవత్సరాల్లో ఇలాగే గట్టిపడింది.

2017లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బ్రిటన్‌లోని 229 పశువైద్యశాలల కంప్యూటర్ రికార్డులను వడపోసి, చాక్లెట్ తిన్న కుక్కల ఉదంతాలు 386 తీశారు. మామూలు రోజులతో పోలిస్తే క్రిస్మస్‌కు ఇవి నాలుగు రెట్లకు పైగా, ఈస్టర్‌కు రెట్టింపు ఉన్నాయి. చాక్లెట్ అమ్మకాలకు పేరుపడ్డ ప్రేమికుల రోజున మాత్రం అలాంటి పెరుగుదల లేదు. నాలుగేళ్ల లోపు కుక్కలే ఎక్కువగా తిన్నాయి.

వాంతి మందుల మార్పు

ఈ విషానికి విరుగుడు మందు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. చేయగలిగింది ఒంట్లోకి ఇంకకముందే కక్కించడం, ఇంకిందాన్ని తట్టుకునేలా గుండెను, నరాలను కాపాడడం. అందుకే దీని చికిత్స చరిత్రలో సగం వాంతి మందుల చరిత్రే.

పాత ఇంటి చిట్కాలు ఉప్పునీళ్లు, ఆవపొడి. బ్రిటన్‌లో పశువైద్యులు బట్టలుతికే సోడా పలుకును కుక్క గొంతులో వేసేవారు. అది కాస్టిక్ సోడా అయితే గొంతే కాలిపోయేది. ఉప్పు మోతాదు మించితే రక్తంలో సోడియం పెరిగి మెదడు దెబ్బతింటుంది. చాక్లెట్ వల్ల చావాల్సిన అవసరం లేని కుక్క ఉప్పు వల్ల చనిపోయే ప్రమాదం ఉందని తేలాక ఆ చిట్కాను పశువైద్యం వదిలేసింది. ఇపికాక్ సిరప్ కూడా అలాగే పక్కకు పోయింది. అమెరికాలో 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను వైద్యుడి సలహా మీద ఇంట్లో పట్టించడం నిలిచింది. అదీ కడుపు లోపలి పొరను పుండు చేయగలదని తర్వాత గుర్తించారు. మన మందుల దుకాణాల్లో మామూలుగా దొరికేది 6 శాతం ద్రావణం కాబట్టి ఆ సలహాను ఇక్కడ ఉన్నది ఉన్నట్టు పాటించడం ఇంకా ప్రమాదం.

ఆస్పత్రిలో వాడే మందు కథ 1869లో లండన్‌లో మొదలైంది. మాథీసెన్, రైట్ అనే రసాయన శాస్త్రజ్ఞులు మార్ఫిన్‌ను హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో వేడిచేసి అపోమార్ఫిన్ చేశారు. అది నిమిషాల్లో వాంతి చేయించడం గమనించారు. మెదడులో వాంతిని పుట్టించే చోట ఉన్న డోపమిన్ గ్రాహకాలను అది తట్టిలేపుతుంది. కుక్కలో ఈ దారి చురుకైనది, పిల్లిలో మందకొడి. అందుకే నూట యాభై ఏళ్లయినా కుక్కల వైద్యంలో అపోమార్ఫిన్ చోటు పోలేదు. ఇదే దారిన పనిచేసే రోపినిరోల్‌ను కంట్లో వేసే చుక్కలుగా యూరప్ 2018లో, అమెరికా 2020లో అనుమతించాయి.

కడుపు ఖాళీ అయ్యాక మిగిలినదాన్ని పట్టి ఉంచడానికి యాక్టివేటెడ్ చార్‌కోల్ పట్టిస్తారు. పేగుల్లోకి మళ్లీ మళ్లీ దిగే విషం కాబట్టి ఈ బొగ్గు మందును పలుమార్లు ఇవ్వడం పుస్తకాల్లో ఉంది. అది కూడా సోడియం పెంచుతుందని తెలిశాక ఎన్నిసార్లు ఇవ్వాలో కుక్క పరిస్థితిని చూసి తేల్చుకుంటున్నారు.

తెలుగు నేల మీద

భారతదేశానికి కోకో మొక్క 1798లో ఈస్టిండియా కంపెనీ ద్వారా తమిళనాడులోని కుర్తాళానికి వచ్చింది. తోటపంటగా నిలదొక్కుకున్నది మాత్రం 1960ల నుంచి కేరళలో. కాడ్బరీ 1948 నుంచి దేశంలో చాక్లెట్ అమ్ముతోంది. కేరళ తర్వాత గోదావరి జిల్లాల కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్లో కోకో అంతరపంటగా పాకింది. ఇవాళ దిగుబడిలో ఆంధ్రప్రదేశ్‌దే దేశంలో మొదటి స్థానం. అక్కడ కాయ పగలగొట్టి, గుజ్జుతో ఉన్న గింజలను కొద్ది రోజులు పులియబెట్టి, కళ్లాల్లో ఎండబెడతారు. ఎండిన గింజ బరువులో ఒక శాతానికి పైగా థియోబ్రోమిన్ ఉంటుంది. అంటే 10 గ్రాముల గింజల్లో 100 మిల్లీగ్రాములకు తగ్గకుండా ఉన్నట్టు. చిన్న కుక్కకు అది లెక్కపెట్టాల్సిన మోతాదే.

తెలుగు ఇళ్లలో కుక్క చాలాకాలం గడప బయటి జీవి. దాని తిండి పెరుగన్నం, మిగిలిన కూడు. చాక్లెట్ పలక ఎండాకాలంలో బల్ల మీద నిలవదు, ఫ్రిజ్‌లోకి పోతుంది. 2003లో ఒక సెల్‌ఫోన్ కంపెనీ ప్రకటనలో పగ్ కుక్కపిల్ల కనిపించాక నగరాల్లో ఆ జాతికి గిరాకీ పెరిగింది. అపార్ట్‌మెంట్లలో సోఫా మీది కుక్క, పుట్టినరోజు చాక్లెట్ కేకు, దీపావళికి వచ్చే చాక్లెట్ డబ్బా ఒకే గదిలోకి చేరాయి. ఇంగ్లండ్‌లో నూట యాభై ఏళ్ల కిందట మొదలైన పరిస్థితి ఇక్కడికి రావడానికి అంతకాలం పట్టింది.

తెలుగులో ఈ మాటతో ఇంకో చిక్కు ఉంది. కాగితం చుట్టిన ప్రతి మిఠాయీ ఇక్కడ చాక్లెట్టే. పిప్పరమెంటు, మామిడి బిళ్ల, పాల టాఫీ అన్నింటినీ పిల్లలు ఆ పేరుతోనే అడుగుతారు. వాటిలో చాలావాటిలో కోకో అసలే ఉండదు. కుక్క చాక్లెట్ తిన్నదని ఫోన్ చేసిన యజమానిని పశువైద్యుడు మొదట అడగాల్సిన ప్రశ్న "ఏ చాక్లెట్, కాగితం ఉందా?" అన్నదే.

ఇవాళ చేసే పని

పైన చెప్పిన చరిత్రంతా ఇవాళ ఒక చిన్న క్రమంగా మిగిలింది. ముందు మిగిలిన చాక్లెట్‌ను కుక్కకు అందకుండా తీసేయాలి. చాక్లెట్ రకం, ఎంత పోయింది, ఎప్పుడు తిన్నది, కుక్క బరువు ఎంత అన్న నాలుగు సంగతులు రాసుకుని, చుట్టిన కాగితం దగ్గర పెట్టుకుని పశువైద్యుడికి ఫోన్ చేయాలి. కాగితం మీద కోకో శాతం, కిస్‌మిస్, జైలిటాల్ ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది.

లెక్క ఇలా సాగుతుంది. అయిదు కిలోల పొమరేనియన్ 50 గ్రాముల పాల చాక్లెట్ తింటే వెళ్లేది సుమారు 100 మిల్లీగ్రాములు, కిలోకు 20. కడుపు చెడుతుంది, కనిపెట్టుకుని ఉండాలి. అంతే బరువు డార్క్ చాక్లెట్ అయితే కిలోకు 50 దాకా వెళ్తుంది. గుండె లయ తప్పే మోతాదు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. తీపి లేని వంట చాక్లెట్ అయితే కిలోకు 150. ప్రాణం మీదికి వస్తుంది. అదే 50 గ్రాముల పాల చాక్లెట్‌ను ముప్పై కిలోల లాబ్రడార్ తింటే కిలోకు 4 కూడా దాటదు.

లక్షణాల కోసం ఎదురుచూడకూడదు. తిన్న రెండు గంటల్లోపు వాంతి చేయిస్తే ఫలితం బాగుంటుంది. చాక్లెట్ కడుపులో జిగట ముద్దలా ఉండిపోతుంది కాబట్టి ఆ తర్వాత కొన్ని గంటల వరకు కూడా వైద్యులు ప్రయత్నిస్తారు. ఇంట్లో ఉప్పు, నూనె, ఆవపొడి పట్టించకూడదు. వణుకుతున్న, మత్తుగా పడి ఉన్న కుక్కకు వాంతి చేయించకూడదు. కక్కినది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పగ్ వంటి అణిగిన ముక్కు జాతుల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

ఆస్పత్రిలో వాంతి, బొగ్గు మందు అయ్యాక సెలైన్ ఎక్కిస్తారు. మూత్రంలోని విషం తిరిగి ఇంకకుండా కుక్కను తరచూ బయటికి తిప్పుతారు, లేదా గొట్టం వేస్తారు. వణుకుకు మెథోకార్బమాల్, ఫిట్స్‌కు డయాజిపామ్, గుండె మరీ వేగంగా కొట్టుకుంటే ప్రొప్రనలాల్ వంటి మందులు ఇస్తారు. చాక్లెట్‌లోని కొవ్వు వల్ల ఒకటి రెండు రోజుల తర్వాత క్లోమం వాచే అవకాశం ఉంది కాబట్టి కొన్నాళ్లు కొవ్వు లేని తిండి పెట్టమంటారు. సకాలంలో చికిత్స అందిన కుక్కల్లో చాలావరకు కోలుకుంటాయి. లక్షణాలు 72 గంటల దాకా ఉండవచ్చు కాబట్టి కుక్క తేరుకున్నట్టు కనిపించినా మూడు రోజులు కనిపెట్టుకుని ఉండాలి.